కడుపుకు ఇంటర్వ్యూ

సోమవారం పొద్దున తన కడుపు కోయబోయే డాక్టరమ్మకు ఇవాళ ఒకే ఒక్క అబద్ధం చెప్పాలి, అదేమంత పని, అనుకున్నాడు నరేశ్, పంజాగుట్ట ఆసుపత్రి మూడో అంతస్తులో వెడల్పాటి కుర్చీలో వెనక్కి ఒరిగి. ఎంత వెడల్పు కుర్చీ! సినిమా హాల్లో గానీ, సెలూన్లో గానీ, అమీర్‌పేటలో తాను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పాఠం చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో గానీ ఇలాంటి కుర్చీ వెయ్యాలన్న బుద్ధి ఎవడికీ పుట్టలేదు. వీళ్లకు పుట్టింది. ఎందుకు పుట్టదు, ఇందులో కూర్చునే ప్రతివాడూ లక్షలు మోసుకొచ్చేవాడేనాయె. గోడ మీద టీవీలో తెల్లకోటు వేసుకున్న ఓ అమ్మాయి ఆపరేషన్ వల్ల వచ్చే ప్రమాదాలు నవ్వుతూ చదువుతోంది. కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు, నవ్వు. కుట్టిన చోట లీకు కావచ్చు, నవ్వు. జుట్టు ఊడవచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, జీవితాంతం విటమిన్ గోళీలు మింగాలి, ఇంకా పెద్ద నవ్వు. చివర్న రంగుల గాలిపటం ఎగురుతుంటే మ్యూజిక్కు. ఫీజు వెనక్కి ఇవ్వబడదు అన్న ముక్కను తమ ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు కూడా ఇలాగే, పువ్వుల బొమ్మ పక్కన, చిన్నక్షరాల్లో వేస్తారు. అదంతా వినడానికి కాదు, వినిపించామని చెప్పుకోవడానికి. హాల్లో ఉన్న లావుపాటి జనమంతా నోళ్లు తెరుచుకుని వింటున్నారు. ఒకడైతే సమోసా తింటూ వింటున్నాడు. వీళ్లా ఆకలిని జయించేది!

తన అబద్ధం చిన్నది. మోకాళ్ల నొప్పికి గోళీలు. పొద్దుటి బ్యాచికి ముందొకటి, సాయంత్రం బ్యాచికి ముందొకటి. ఇన్‌స్టిట్యూట్ కింద మందుల షాపువాడు తన మొహం కనబడగానే స్ట్రిప్పు తీసి కౌంటర్ మీద పెడతాడు, డాక్టర్ చీటీ అడగడు, ఏ మందని తనూ అడగడు, పక్క బండి దగ్గర టీ తాగుతూ మింగేస్తాడు. నాలుగేళ్లుగా టీ ఎలాగో అదీ అలాగే, దాన్ని మందు అని ఎవడంటాడు. కానీ లోపల అడుగుతారట. విజయేందర్ చెప్పాడు. వాడు పక్క క్లాసులో జావా చెప్తాడు, నిరుడు వేరే ఆసుపత్రిలో కడుపు కోయించుకుని సగమయ్యాడు, నిన్న వాయిస్ మెసేజ్ పంపాడు. "అన్నా, లోపల డాక్టరమ్మ శాన అడుగుతది. సిగరెట్టా, లేదు. మందా, లేదు. గోళీలా, లేదు. ఏదన్న ఒక్కటి ఒప్పుకున్నవనుకో, డేట్ జరుపుతరు. గా డాక్టర్‌ని కలువు, గీ డాక్టర్‌ని కలువు అని తిప్పుతరు. అన్నిటికి లేదను, క్లియర్ అయితది." క్లియర్. అదీ మాట. మనిషి అమీర్‌పేటలో దిగేదే ఏదో ఒకటి క్లియర్ చెయ్యడానికి. ఒక్కరోజు ఉద్యోగం చెయ్యనివాడికి మూడేళ్ల అనుభవం కుట్టి తొడిగి పంపడం నరేశ్ వృత్తి. లేని కంపెనీకి పేరు పెడతాడు, లేని ప్రాజెక్టులో రాని సమస్యను ఎలా పరిష్కరించావో నేర్పుతాడు, లేని మేనేజరుతో పడని గొడవ గురించి కూడా చెప్పిస్తాడు, గొడవ ఉంటే నమ్ముతారు కాబట్టి. అడిగేవాడి కళ్లలోకి చూడు, తెలియదు అనకు, లేదు అనాల్సి వస్తే గట్టిగా అను. ఆ మాటలు పట్టుకుని వేలమంది గచ్చిబౌలి కంపెనీల్లో చేరారు. అలాంటి నరేశ్‌ను ఓ డాక్టరమ్మ ఇంటర్వ్యూ చేస్తుందట. చెయ్యనీ.

డేట్ జరగడానికి వీల్లేదు. జరిగితే ఫ్లెక్సీ పోతుంది. ఇన్‌స్టిట్యూట్ ఉన్న సందు మొగదల ఒకప్పుడు తన ముఖమే ఉండేది, నిలువెత్తు, కింద ఎర్రక్షరాల్లో పేరు, ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలు ఆ ముఖాన్ని చూసి మెట్లెక్కేవాళ్లు. ఓ రోజు ఎవడో వెనక బెంచీవాడు, బోర్డు తుడుస్తున్న తన వీపును ఫోన్లో వీడియో తీశాడు. చొక్కా చెమటకు అతుక్కుని, మడతలు మడతలుగా, చెయ్యి కదిలినప్పుడల్లా మడతలు కదులుతూ. దానికి డప్పుల పాట పెట్టాడు. వారం తిరక్కుండా హాస్టళ్లన్నీ తిరిగింది. ఓనరు రాజనర్సయ్య పిలిచి, తండ్రి పోయినవాణ్ని పలకరించినంత మెత్తగా చెప్పాడు. "నరేశ్, నువ్వు ఆన్‌లైన్ బ్యాచ్ తీస్కో. కెమెరా బంద్ పెట్టు, గొంతు ఉండని. జర సన్నబడు తమ్మి, ఎండకాలం బ్యాచులకు కొత్త ఫ్లెక్సీ కొట్టిస్త, నడిమిట్ల నీ ఫోటోనే ఏస్త." ఇప్పుడు సందు మొగదల ఫ్లెక్సీలో సాయికిరణ్ నవ్వుతున్నాడు. సాయికిరణ్! మూడో చాప్టర్ దాటితే వాడికి చెమటలు పడతాయి, కానీ ఆ చెమట చొక్కాకు అంటదు, వాడికి నడుముంది. పిల్లలు వాడి ముఖం చూసి ఫీజు కట్టి, చీకటి తెర వెనక నుంచి నరేశ్ గొంతు వింటారు. విద్య గురించి ఈ ఊరికి ఉన్న గౌరవం అంత. సోమవారం కోస్తే ఎండాకాలానికి సగమవుతాడు. సోమవారమే కొయ్యాలి.

పక్కన భార్య మధులత ఒళ్లో బ్యాగు పెట్టుకుని టీవీనే చూస్తోంది, గుళ్లో హరికథ విన్నట్టు. పొద్దున ఆటోలో కూడా ఇలాగే కూర్చుంది, మెట్రోలో అయితే ఒక్క స్టేషనే, కానీ మెట్లెక్కాలి. ఆటోవాడు అద్దంలోంచి చూసి, "అన్నా, జర నడిమిట్ల కూసో, బండి ఒక్క దిక్కు ఒరుగుతుంది" అన్నాడు. మధులత కిసుక్కుమంది, వెంటనే నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నవ్వనీ. తన బాపు కనకయ్య జనగామ మార్కెట్లో హమాలీ, బస్తా మీద బస్తా మోసేవాడు, గంపెడన్నం తినేవాడు, తిన్నది సాయంత్రానికల్లా వీపు మీద కరిగిపోయేది, ఆ ఒంటిని చూసి ఎవడూ డప్పుల పాట పెట్టలేదు. ఆ ఆకలే తనకొచ్చింది, బస్తా రాలేదు. మొయ్యాల్సిన బరువు బయట దొరక్క లోపల పెరిగింది. ఈ టీవీ పిల్లకు అది తెలుసా. ఆహారపు అలవాట్లట. అలవాటు కాదమ్మా, వారసత్వం. మోకాలు సూదిలా పొడిచింది. పొద్దున గోళీ వేసుకుంటే ఛాతీలో మంట పుట్టింది, చల్లటి పాలు తాగితే చల్లారింది. ఈమధ్య రోజూ పాలు తాగాల్సి వస్తోంది. రానీ, పాలేగా.

"ఆపరేషన్ అయినోళ్లా, కాబోయేటోళ్లా?" అని ఎదుటి కుర్చీలోంచి ఒకాయన అడిగాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉన్నాడు, కానీ పుట్టు సన్నం కాదు, మెడ కింద చర్మం ఆరేసిన తువ్వాలులా వేలాడుతోంది. పేరు శివరాములు, సిరిసిల్ల సాలెవాళ్లు, అమీర్‌పేటలో బ్లౌజు గుడ్డల మ్యాచింగ్ సెంటర్ ఉంది. అడక్కుండానే అంతా చెప్పేశాడు. ఆసుపత్రుల్లో ఇలాంటివాడు ఒకడుంటాడు, రోగం పోయాక మాట మిగిలినవాడు.

"సోమవారం, కాకా," అంది మధులత. "కడుపుకు బైపాస్ అంటున్నరు. షుగర్ ఉంది, గుండెల మంట సుత ఉంది, గందుకని."

"నాది సుత గదే బిడ్డా." ముంజేతి మీది వదులు చర్మాన్ని వేళ్లతో పట్టి లాగాడు. "చూడు, ఫుల్ హ్యాండ్స్ కుట్టించుకున్నట్టు లేదా? లోపల మనిషి చిన్నగయిండు, గుడ్డ మిగిలింది." మధులత నవ్వింది. ఆమె నవ్వితే ముసలాయనకు ఊపొచ్చింది. "మా అన్న బిడ్డ లగ్గంల లడ్డు తిన్న. ఒక్కటంటె ఒక్కటి. గుండె దడదడ, చెమటలు, పందిట్లనే కూలవడ్డ. పెండ్లికొడుకోళ్లు తాగిండనుకున్నరు. తీపి పడదు మనకు, సక్కగ పేగులకు ఉరుకుతదట. గది పర్వాలేదు గనీ, నన్ను చంపింది పన్ను."

"పన్నా?"

"పన్నే. నొప్పిలేస్తే మందుల షాపుల గోళీలు తెచ్చుకొని వారం దాటి మింగిన. పెయిన్‌కిల్లర్ల జోలికి పోవద్దని డాక్టరమ్మ ముందుగాలనే గట్టిగ చెప్పింది. నేనేమో పన్నుకు కడుపుకు ఏం సంబంధం అనుకున్న. పేగు అతికిన కాడ పుండయి, తూటు పడ్డది. బాత్రూంల నెత్తురు కక్కుకున్న. మల్ల కోసిన్రు."

మధులత తల నెమ్మదిగా తిప్పి భర్త చొక్కా జేబు వంక చూసింది. నరేశ్ టీవీ వంక చూశాడు. టీవీలో గాలిపటం ఎగురుతోంది. అప్పుడతనికి అర్థమైంది, అర్థం కాగానే నవ్వొచ్చింది. స్పాయిలర్! డెమో క్లాసు రోజున పక్క ఇన్‌స్టిట్యూట్‌వాడు మనిషిని పంపిస్తాడు, వాడు మూడో వరసలో అమాయకంగా కూర్చుంటాడు, సరిగ్గా ఫీజుల మాటొచ్చే వేళకు లేచి, సార్, పోయిన బ్యాచిలో ఒక్కరికీ జాబ్ రాలేదట కదా అంటాడు. సగం హాలు ఖాళీ. కొత్తలో నరేశే అలా వెళ్లేవాడు, ఎంత బాగా చేసేవాడు, కళ్లలో నీళ్లు కూడా పెట్టేవాడు. ఈ ముసలాడు ఇంకా పైవాడు, చర్మం కూడా తెచ్చుకున్నాడు. స్పాయిలర్ని ఏం చెయ్యాలో నరేశ్‌కు తెలుసు. పదిమందిలో నిలబెట్టి నవ్వాలి.

"కాకా, నిన్ను ఏ ఆసుపత్రోళ్లు తోలిన్రు?" అన్నాడు, క్లాసులో చివరి బెంచీకి వినబడే గొంతుతో. "పేషెంటును బెదరగొడితే తలకింత అని ఇస్తరా, నెల జీతమా?"

సమోసావాడు పకపకా నవ్వాడు. ఇంకో ఇద్దరు నవ్వారు. శివరాములు ముఖం ఒక్క క్షణం ఎటూ కాకుండా అయిపోయింది. "నన్నెవడు తోలుతడు తమ్మి? బి12 సూదికొచ్చిన. మాకు గది జిందగీ అంత ఉంటది."

"మరి గింత గోసయితే ఎందుకు చేయించుకున్నవ్?" ఇదీ దెబ్బ. ఇప్పుడు ముసలాడు అంటాడు, మోసపోయిన బిడ్డా అని, ఆ వెంటనే మెల్లగా ఇంకో ఆసుపత్రి పేరు.

"ఎందుకేంది? షుగర్ సూదులు బందయినయి. దుకాణం మెట్లు దిగుతున్న, ఎక్కుతున్న. రేపు మల్ల చెయ్యాలన్నా చేయించుకుంట. ఆపరేషన్‌ది తప్పు కాదు తమ్మి, చెప్పింది ఇనకపోవుడు నా తప్పు." నర్సు పిలిచింది, ఆయన లేచి, మధులత తల మీద ఓసారి చెయ్యి పెట్టి సూది గదిలోకి పోయాడు.

స్పాయిలర్ అలా అనడు. సరుకును మెచ్చుకునే స్పాయిలర్‌ను నరేశ్ ఇంతవరకు చూడలేదు. సరే, స్పాయిలర్ కాకపోతే ఫెయిలైనవాడు, అంతే తేడా, ఫెయిలైనవాడి మాట పట్టుకుని పరీక్ష రాసినవాడు బాగుపడ్డాడా. ఎవడో బ్లౌజు గుడ్డలు కత్తిరించుకునేవాడు పన్నునొప్పికి ఏదో మింగాడు, ఏం మింగాడో వాడికే తెలియదు, తన గోళీ వేరే అయ్యుంటుంది, దాని పేరేమిటి, జేబులోనే ఉంది, తీసి చదవొచ్చు, ఎందుకు చదవడం. "లోపల చెప్పు," అంది మధులత గొణుగుతూ. "ఏం చెప్పాలె?" "గోళీల సంగతి." "నువ్వు నోరు మూసుకొని కూసో. ఎవడేం చెప్పినా నమ్ముతవు." ఆమె నోరు మూసుకుంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె తన మాట వింటూనే ఉంది, అదీ ఆమెలో తనకు నచ్చనిది, కొంచెమైనా బుర్ర ఉన్న మనిషి ఎదురు చెప్పదూ. విజయేందర్‌ది బైపాస్ కాదు కదా అని ఓ ఆలోచన ఎటు నుంచో వచ్చింది. వాడిది స్లీవ్, కడుపును గొట్టంలా కత్తిరించి వదిలేస్తారు, పేగులు ముట్టుకోరు. వేరే సిలబస్. వేరే సిలబస్ వాడి దగ్గర జవాబులు తెచ్చుకుని, అని మొదలైన ఆలోచనను పూర్తికాకముందే నరేశ్ తోసేశాడు. పేరు పిలిచారు.

డాక్టర్ అనుపమ చిన్న మనిషి, టేబుల్ వెనక స్కూలు పిల్లలా ఉంది. కోస్తా మాట. సిగరెట్లు? లేవు మేడం. ఆల్కహాల్? అస్సలు లేదు. నిద్రలో ఊపిరి ఆగినట్టవుతుందా? మిషన్ పెట్టుకుంటున్నా. ఆమె కళ్లలోకి చూశాడు, కళ్లు దించలేదు, జవాబుకు జవాబుకు మధ్య సరిగ్గా ఆలోచిస్తున్నంత ఖాళీ వదిలాడు. "నొప్పులకి పెయిన్‌కిల్లర్స్ ఏమైనా వేసుకుంటారా, నరేశ్ గారూ?" "లేదు మేడం. ఆవనూనె రాస్తుంది మా మిసెస్." మధులత బ్యాగు జిప్పు లాగి మూసింది. డాక్టరమ్మ తలూపింది. అంతే, తలూపింది! ఇంత చదువు చదివి, ఇన్ని కడుపులు కోసి, ఓ ఆవనూనెకు పడిపోయింది. "మంచిది. బైపాస్ తర్వాత అవి విషం లాంటివి, అందుకే అడిగాను. సోమవారం మొదటి కేసు మీదే," అంది. క్లియర్.

క్లియర్ అయ్యాడు. ఆ మాట లోపల మోగగానే, దాని వెనకే ఎప్పుడూ మోగేది కూడా బుర్రలో మోగింది, ఫోను. క్లియరైన ప్రతివాడి దగ్గర్నుంచీ ఫోనొస్తుంది. శ్రవణ్ అని ఒకడు, ముఖంలో ముఖం పెట్టి అబద్ధం చెప్పగలిగినవాడు, తను తయారుచేసినవాళ్లలో రత్నం, చేరిన వారానికే ఆఫీసు బాత్రూమ్‌లోంచి చేశాడు. సార్, వాళ్లు పనిచ్చిన్రు సార్, నాకు రాదు సార్, మీరే చేసిపెట్టండి సార్. దానికీ అమీర్‌పేటలో ధర ఉంది, జాబ్ సపోర్ట్ అంటారు, కుర్చీలో కూర్చునేది వాడు, ఫోన్లోంచి పని చేసిపెట్టేది వీడు. నరేశ్ వాడి పని రెండు నెలలు చేశాడు, నవ్వుకుంటూ చేశాడు, వాడు మీటింగులో అందరి ముందూ బోర్డు దగ్గర నిలబడాల్సి వచ్చినరోజున మాత్రం చెయ్యలేకపోయాడు. ఇంటర్వ్యూ ఒక్క గంట. ఉద్యోగం రోజూ. సోమవారం ఈ చిన్న మనిషి కడుపు కత్తిరించి పేగుకు అతికి కుట్టేస్తుంది, బాగానే కుడుతుంది, ఇంటికి పంపిస్తుంది, నెలకో రెండు నెలలకో మోకాలు పొడుస్తుంది, షాపువాడు స్ట్రిప్పు కౌంటర్ మీద పెడతాడు, పాలు తాగినా ఛాతీ చల్లారదు, అప్పుడు ఆ అతుకు దగ్గర పని చెయ్యాల్సింది ఎవడు. విజయేందర్ చేస్తాడా. ఫోన్లోంచి చేస్తారా. లోపల, ఆ చీకట్లో, జాబ్ సపోర్ట్ ఎవడిస్తాడు. తను బాత్రూమ్‌లో ఒంగి ఉన్నట్టు, మధులత బయట తలుపు కొడుతున్నట్టు కనబడింది. తలుపు కొడుతూ కూడా ఆమె ఆవనూనె మాట ఎవరికీ చెప్పదు, మూసుకొమ్మన్నాడు కాబట్టి. అది అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించింది, ఎవరి మీదో తెలియలేదు, అందుకని ఎదురుగా ఉన్న డాక్టరమ్మ మీదే తీర్చుకున్నాడు.

"మేడం, మీకు అడగడం రాదు."

ఆమె తలెత్తింది. "ఏంటి?"

"వేసుకుంటారా అని అడుగుతరా ఎవరన్న? వేసుకుంటారా అంటే నాలాంటోడు లేదనే అంటడు. రోజుకెన్ని అని అడగాలె. నేనైతే అట్ల అడుగుత."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. అతని వంక కాక మధులత వంక చూసింది, మళ్లీ అతని వంక. "రోజుకెన్ని?"

"రెండు. క్లాసులు ఎక్కువుంటే మూడు. నాలుగేండ్ల సంది." జేబులోంచి స్ట్రిప్పు తీసి టేబుల్ మీదికి, బోర్డు మీదికి చాక్‌పీసు విసిరినట్టు, విసిరాడు.

ఆమె దాన్ని వెలుగుకు పట్టి పేరు చదివింది. తిడుతుందనుకున్నాడు, పొగుడుతుందేమోనని కూడా అనుకున్నాడు, రెండిటికీ జవాబు సిద్ధంగా ఉంది. ఆమె రెండూ చెయ్యలేదు. "సోమవారం చెయ్యను," అంది. "ముందు గొట్టం వేసి లోపల చూడాలి. ఆ మంటకి కారణం ఇప్పటికే పుండై ఉండొచ్చు. మీ మోకాళ్లు ఎముకల డాక్టరు చూడాలి, ఇవి లేకుండా మీరు నిలబడగలరని నాకు నమ్మకం కలగాలి. అప్పుడు చేస్తాను."

"ఎండకాలం లోపల అయితదా?"

"మీ కడుపుని అడగండి. అది అబద్ధం చెప్పదు." మధులత చున్నీతో కళ్లు ఒత్తుకుంటోంది. ఏడుపెందుకో, రిజెక్టయింది తను కదా. గుమ్మం దాటుతుండగా ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది, బరువు ఆమె మీద పడింది, వెనక్కి తీసుకోలేదు, పడనిచ్చాడు.

బయట తలుపు పక్కనే మెడలో ఆఫీసు ట్యాగుతో ఓ అమ్మాయి కూర్చుని ఉంది, తనంత కాకపోయినా దగ్గరదగ్గరే, ట్యాగు మీద హైందవి అని పేరు. అతన్ని చూడగానే, ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నవాళ్లంతా లోపలి నుంచి వచ్చినవాణ్ని అడిగినట్టే అడిగింది. "అన్నా, ఏమేం అడుగుతుంది? బైపాసేనా మీది సుత?"

"బైపాసే. సిగరెట్లు, మందు, గోళీలు అడుగుతది."

"ఏం చెప్పాలె?"

"ఏముంటే గది."

"మీకు ఓకే అయిందా మరి?"

"కాలె. జరిపింది."

ఆమె అతన్ని కాళ్ల నుంచి తల దాకా ఓసారి చూసి, పాపం అన్నట్టు పెదవి విరిచి, పక్కకు తిరిగి ఫోను చెవికి పెట్టుకుంది. "ఏం లేదక్కా, ఒకాయన ఉన్నదున్నట్టు చెప్పి ఆగం చేసుకున్నడు. నువ్వు చెప్పినట్లే చెప్త, అన్నిటికి లేదంట." లిఫ్టు వచ్చింది, మధులత తలుపు పట్టుకుని నిలబడింది. నరేశ్ అటు రెండడుగులు వేసినవాడు ఆగాడు. సాయికిరణ్ సందు మొగదల ఇంకో వేసవి నవ్వుతాడు, నవ్వనీ. వెనక్కి వచ్చి ఆ పిల్ల పక్క కుర్చీలో కూలబడ్డాడు, కుర్చీ మూలిగింది.

"ఫోన్ బంద్ చెయ్ చెల్లె," అన్నాడు. "గామెకు ఏం తెలుస్తది? జవాబులు నేర్పుడు నా పని. ఇగ చెప్పు, రోజుకెన్ని?"